ఇచ్చట నిలబడరాదు

మార్చి 3

బావగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీయడం, మడిచి సొరుగులో పెట్టడం, మళ్ళీ తీయడం, పొద్దుటినుంచీ ఇదే పని. మా ఆవిడ చూసి చూసి "రాస్తే రాయండి, లేకపోతే ఆ కాగితం ఇలా ఇవ్వండి, అలమరాలో పరుచుకుంటాను" అంది. అలమరా కన్నా మీరు నయం కదా అని రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చు. కానీ ఫోనులో మీకు వినపడదు, నాకు ఓపిక ఉండదు. కిందటిసారి మనం మాట్లాడుకుంటుంటే తగాదా అనుకుని ఎదురింటివాళ్ళు సర్దిచెప్పడానికి వచ్చారు.

సంగతికి వస్తాను. మన మనవరాలు చీమ ఆస్పత్రిలో చేరిందని నాకు అందరికన్నా ఆఖరున తెలిసింది. మావాణ్ణి నిలదీస్తే "మనసు బాగాలేదు నాన్నా, మామయ్యగారు చూసుకుంటున్నారు" అన్నాడు. మామయ్యగారు చూసుకుంటున్నారట. పుట్టినప్పటినుంచీ నా ఇంట్లో పెరిగిన పిల్ల, చదువు కోసం మీ ఊరు పంపి ఏడాది తిరక్కుండానే మీ ఆస్తి అయిపోయింది.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. అది పుట్టిన రోజున వరండాలో నిలబడి మనిద్దరం పంచుకున్నాం. చెవులు మావి, గడ్డం మీది. ముక్కు సంగతి ఇప్పటికీ తేలలేదు. లెక్కలు మీవన్నారు, రొట్టెలు కాల్చి లెక్కపెట్టే ఇల్లు కాబట్టి ఒప్పుకున్నాను. అక్షరం మాత్రం నాది. దుకాణాలకు బోర్డులు రాసి బతికినవాణ్ణి, దాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని వీధి బోర్డులు చూపించి చదువు నేర్పాను. చీమ అని పేరు పెట్టింది కూడా నేనే. బిస్కెట్టు ముక్క దొరికితే గోడవారగా పాక్కుంటూ మూలకు తీసుకెళ్ళి దాచేది.

అసలేం జరిగిందో రాయండి. ఇంకొకటి, నన్ను అడిగిందా?

ఇట్లు, చెవుల తాలూకు వియ్యంకుడు.


మార్చి 9

బావగారూ,

మీ ఉత్తరం పిండి కలుపుతూ చదివాను. మొదటి పేజీ తడిసింది. మీలాగా రాయడం నాకు రాదు.

చలికాలం నుంచే పిల్ల నిద్ర తగ్గింది, మాట తగ్గింది. పరీక్షలేమో అనుకున్నాం. ఆ రోజు కాలేజీకని బయల్దేరింది. సాయంత్రం మా వ్యాను డ్రైవరు వచ్చి "మీ మనవరాల్ని పొద్దున మార్కెట్ దగ్గర చూశాను, మధ్యాహ్నం స్టేషన్ దగ్గర చూశాను, ఇప్పుడు మళ్ళీ మార్కెట్ దగ్గర. నడుస్తూనే ఉందండీ" అన్నాడు. పరిగెత్తాను. చెప్పులు చేతిలో ఉన్నాయి, కాళ్ళు బొబ్బలెక్కాయి. "కాసేపు ఆగమ్మా" అన్నాను. "ఆగకూడదు తాతయ్యా. చూడు, నాకే రాశారు" అని గోడ చూపించింది. గోడ మీద "ఇచ్చట నిలబడరాదు" అని ఉంది. పక్క వీధిలోనూ అదే. మా ఊళ్ళో ఏ గోడ చూసినా అదే.

బోర్డులన్నీ తనతోనే మాట్లాడుతున్నాయట. కొన్ని గొంతుతో కూడా పలుకుతున్నాయట.

డాక్టరమ్మ దీన్ని సైకోసిస్ అంది. మొదటిసారి వచ్చింది, తొందరగా తీసుకొచ్చారు, వైద్యం ఉంది అంది. రెండు కుటుంబాల్లోనూ ఇలాంటిది ఎవరికైనా ఉందా అని అడిగింది. మా అమ్మాయి తనకు తెలిసి లేదంది. మీ వైపు ఉన్నారా? బోర్డుల ధ్యాస ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు కాబట్టి అడుగుతున్నాను.

మిమ్మల్ని అడగలేదు.

పొయ్యి వేడెక్కింది. ఉంటాను.


మార్చి 16

బావగారికి,

"మిమ్మల్ని అడగలేదు." ఎంత పొదుపుగా రాశారు. నా దుకాణంలో చేరి ఉంటే బోర్డులు బాగా రాసేవారు.

ఆ "ఇచ్చట నిలబడరాదు" నేను లెక్కలేనన్నిసార్లు రాశాను. సినిమా హాలు గోడకు రాశాను, ఆయిల్ మిల్లుకు రాశాను, ఒక వకీలుగారి గేటుకు రాశాను. ఒక్క ప్రాణి పాటించలేదు. రంగు ఆరకముందే దాని కింద నిలబడి నన్నే టైమెంతని అడిగేవాళ్ళు. నా బోర్డు మాట విన్న మొదటి మనిషి నా మనవరాలు. దీనికి ఏం చెయ్యాలో తెలియక ఆ పూట భోజనం మానేశాను.

ఇక మీ ప్రశ్న. మా వైపు ఎవరూ లేరు. మావాళ్ళంతా గుండె ఆగి నిక్షేపంగా పోయినవాళ్ళే. లైబ్రరీకి వెళ్ళి మనసు జబ్బుల మీద లావుపాటి పుస్తకం తెచ్చుకుని సగం దాకా చదివాను, మిగతా సగం నన్ను చదివింది. నా బుర్రకు అందింది ఇది. ఒకే డబ్బాలో రంగు, ఒకే కుంచె, ఒకే చెయ్యి. పొడి గోడ మీద వేస్తే ఏళ్ళకేళ్ళు చెక్కుచెదరదు. చెమ్మ గోడ మీద వేస్తే మొదటి వానకే పొక్కులు లేస్తుంది. అప్పుడు రంగును తిట్టకూడదు. గోడ చూడాలి. మీ మేడమీది గదికి ఒకటే కిటికీ, అదీ మీ పొగగొట్టం వైపు. కొత్త ఊరు. స్నేహితులు లేరు. మాట యాసగా ఉందని క్లాసులో నవ్వుతున్నారని నాకు రాసింది, మీకు చెప్పిందా? పైగా రొట్టెలు కాల్చేవాళ్ళ ఇల్లు, లోకం మేలుకునే వేళకు మీరు పడుకుంటారు. ఎవరు ఎప్పుడు నిద్రపోతున్నారో ఎవరు చూస్తారు?

ఇద్దరు దర్జీలు గుర్తొస్తున్నారు. అన్నదమ్ములు, పక్కపక్క దుకాణాలు. తమ్ముడి బోర్డు కన్నా అక్షరాలు పెద్దవి చెయ్యమని అన్న వచ్చేవాడు. వారం తిరక్కుండా అన్న కన్నా పెద్దవి చెయ్యమని తమ్ముడు. నాకేం, పని పనే. చివరికి బోర్డులు పెరిగి పెరిగి కిటికీలు మూసుకుపోయాయి. సూదిలో దారం ఎక్కించడానికి ఇద్దరూ వీధిలోకి వచ్చి కూర్చునేవారు. ఇది ఎందుకు రాశానో మర్చిపోయాను.

దీనితో పాటు చీమ చిన్నప్పటి కుంచెలు పంపుతున్నాను. దాని చేతికివ్వండి. నేను పంపానని చెప్పండి.

ఇట్లు, రంగు వైపు మనిషి.


మార్చి 27

బావగారూ,

కుంచెలు అందాయి. ఇవ్వలేదు, అటక మీద పెట్టాను.

డాక్టరమ్మ మళ్ళీ కూర్చోబెట్టింది. పుట్టగానే ఏడ్చిందా అని కూడా అడిగింది. నీలంగా పుట్టిందని, కాసేపు ఆగి ఏడ్చిందని మా అమ్మాయి చెప్పింది. మనిద్దరం వరండాలో చెవులు పంచుకోకముందు లోపల జరిగింది అదట. చిన్నతనం అడిగింది, నిద్ర అడిగింది, స్నేహాలు అడిగింది. చివరికి పొగ అడిగింది. పిల్ల చెప్పేసింది. చలికాలమంతా మేడ మీద గంజాయి తాగింది. క్లాసులో ఎవరో అలవాటు చేశారు. "నవ్వేవాళ్ళ పక్కన కూర్చోవాలంటే అదే టిక్కెట్టు" అందట. వీధి చివరనుంచి మాడిన రొట్టె పసిగట్టే ముక్కు నాది. నా నెత్తి మీద వాసన నాకు తెలియలేదు. మీ గోడ మాట నిజమే. ఒప్పుకుంటున్నాను.

కానీ పిండి మాట కూడా ఉంది. ఒకే పొయ్యి, ఒకే వేడి, ఒక ముద్ద పగులుతుంది, ఒక ముద్ద పగలదు. అందుకని నేనూ చెప్పేశాను. మా అక్క సంగతి. మా అమ్మాయికి కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇరవై దాటాక మా అక్కకు పొయ్యిలోంచి మాటలు వినిపించాయి. మా నాన్న దాచాడు, తర్వాత దాచలేక వైద్యం చేయించాడు. నెమ్మదించింది. ఒకసారి తిరగబెట్టింది, మళ్ళీ నెమ్మదించింది. పెళ్ళి చేసుకుంది. ముసలిదయ్యేదాకా మా బన్నుల బల్ల దగ్గర నిలబడి అమ్మింది. చిల్లర దగ్గర ఎవరినీ వదిలేది కాదు.

నేను చెబుతున్నప్పుడు చీమ పక్కనే ఉంది. "రొట్టె తాతా, అయితే ఆవిడకు తగ్గిందా?" అంది. ఆస్పత్రికి వచ్చాక అది అడిగిన మొదటి ప్రశ్న. అప్పటినుంచి రోజూ సాయంత్రం మా అక్క గురించి ఒక కబురు చెప్పించుకుంటుంది. చెప్పేదాకా మాత్ర వేసుకోదు. చూస్తే దాని కళ్ళు అచ్చం మా అక్కవే.

దగ్గరివాళ్ళకు ఉంటే వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది, అంతేనట. అలాంటివాళ్ళున్న ఇళ్ళలో చాలామందికి ఏమీ రాదు, ఎవరూ లేని ఇళ్ళలోనూ వస్తుంది అంది డాక్టరమ్మ.

ఇంటికి పంపాక ఇక్కడే ఉంటుంది.


ఏప్రిల్ 4

బావగారికి,

కళ్ళు కూడా మీవేనా? అవి మా అమ్మ కళ్ళు. పురిట్లోనే చెప్పాను, మీరు తల ఊపారు. ఇప్పుడు తిరగరాస్తున్నారు. నేను పంపిన కుంచెలు అటకెక్కాయి, మీ అక్క కబుర్లు మాత్రం మాత్రలతో పాటు రోజుకొకటి. ఇంటికి పంపాక ఇక్కడే ఉంటుంది అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది ఉండవలసిన గదికి నేను సున్నం కొట్టించి కూర్చున్నాను.

నేను కుళ్ళుకుంటున్నానని మా ఆవిడ అంటోంది. కుళ్ళు కాదు, కడుపుమంట. కుళ్ళు దాచుకోవచ్చు.

ఇక వినండి. మీరు అడిగినప్పుడు తట్టలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. మా వైపు కూడా ఒకరున్నారు. మా చిన్నాన్న, మా నాన్నకు స్వయానా తమ్ముడు. గొడుగులు బాగుచేసేవాడు. విరిగిన గొడుగు విప్పి, అందులో తల దూర్చి, గంటలకొద్దీ ఎవరితోనో మాట్లాడేవాడు. ఎవరితో చిన్నాన్నా అంటే "కురవబోయే వానతో" అనేవాడు. వాన తనను పిలుస్తుందని, తనొక్కడికే వినపడుతుందని అనేవాడు. అలాంటి పనివాడు మళ్ళీ పుట్టలేదు. ఒకరోజు మధ్యాహ్నం చినుకు మొదలైంది. చేతిలో పని కింద పెట్టాడు. "వస్తున్నా" అన్నాడు, మాతో కాదు. గొడుగుల దుకాణం మనిషి గొడుగు లేకుండా వానలోకి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన గొడుగు ఇప్పటికీ మా ఇంట్లో తలుపు వెనక కొయ్యకు వేలాడుతోంది.

మీ అక్కగారు బన్నులు అమ్మారు, గొప్పే. కానీ మా చిన్నాన్నకు ఉన్నంత కథ ఆవిడకు లేదు. డాక్టరమ్మకు చెప్పండి. చీమకు తప్పకుండా చెప్పండి, బోర్డు తాత వైపు కూడా ఒకరున్నారని.

ఇట్లు, కళ్ళ అసలు హక్కుదారు.


ఏప్రిల్ 13

బావగారూ,

మీ ఉత్తరం చీమకు చదివి వినిపించాను. మీ ఉత్తరాలంటే దానికి ఇష్టం కదా అని. గొడుగులో తల దూర్చే దాకా నవ్వుతూ విన్నది. వానలోకి వెళ్ళిపోయాడు అనగానే నవ్వు ఆగింది.

"రెండు వైపులా ఉందా తాతా?" అంది.

ఆ సాయంత్రం మాత్ర ఉమ్మేసింది. మా అక్క కబురు చెబుతానన్నా విననంది. "ఒకరు బన్నులమ్మారు, ఒకరు వెళ్ళిపోయారు. నాకు ఎవరి వాటా వచ్చిందో రాసే ఉంటుంది. మాత్ర వేసుకుని ఏం లాభం" అంది. మర్నాడు చినుకులు పడ్డాయి. కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. నర్సు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పటినుంచీ ఒక్క మాత్ర కూడా మింగలేదు.

డాక్టరమ్మ మీతో మాట్లాడాలంటోంది. మీ చిన్నాన్నకు ఏ వయసులో మొదలైంది, వైద్యం జరిగిందా, అన్నీ కావాలట. మీరు రావాలి.

కుంచెలు నేను దాచుకోలేదు. అక్షరాల తాలూకు వస్తువులు కొన్నాళ్ళు చూపించవద్దని ఆవిడే చెప్పింది. అది రాయడం మర్చిపోయాను. ఇక్కడే ఉంటుందని నిర్ణయించింది కూడా ఆవిడే, వైద్యం ఈ ఊళ్ళో కాబట్టి. పిల్లను మీ దగ్గరనుంచి లాక్కోవాలని నాకు లేదు. నాకు కోపం లేదు బావగారూ. భయం వేస్తోంది.


ఏప్రిల్ 18

బావగారికి,

మీ ఉత్తరం అందింది. రావాలనే ఉంది. మోకాలు సహకరించడం లేదు. చిన్నాన్న వివరాలు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, వయసు కూడా సరిగ్గా చెప్పలేను. కొన్ని సంగతులు చిన్నతనంలో విన్నవి కాబట్టి కొద్దిగా అటూ ఇటూ అయి ఉండవచ్చు. ఆ వాన భాగం పెద్దగా పట్టించుకోవద్దని చీమకు చెప్పండి. మాత్ర వేసుకోమనండి. నేను చెప్పానని చెప్పండి.

ఉంటాను.

అన్నయ్యగారూ, నేను మీ చెల్లెమ్మను. పోస్టులో వెయ్యమని ఈ ఉత్తరం నా చేతికిచ్చారు. విప్పి చదివాను, చదివినందుకు నాకేమీ అనిపించడం లేదు. ఈయన నాన్నగారికి తమ్ముళ్ళు లేరు, అందరూ అక్కలే. గొడుగులు బాగుచేసే ఆయన ఒకాయన మా పాత వీధిలో ఉండేవాడు. అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఎక్కడికీ పోలేదు. పోయినేడు కూడా కనబడి బాగున్నారా అన్నాడు. ఈయన మోకాలు కూడా బాగానే ఉంది. టిక్కెట్టు తీసుకున్నాను. వచ్చే వారం రైలెక్కిస్తాను.


ఏప్రిల్ 22

బావగారూ,

మీరు బయల్దేరేలోపు అందాలని రాస్తున్నాను.

చెల్లెమ్మ రాసింది చదివి పొయ్యి ముందు కూర్చుని నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. మీ దర్జీల కథ ఎందుకు రాశారో మీరు మర్చిపోయారన్నారు. నాకు తెలుసు.

చీమకు నేను చెప్పలేదు. చెబితే నమ్మదు. ఓదార్చడానికి రొట్టె తాత అబద్ధమాడుతున్నాడు అనుకుంటుంది. డాక్టరమ్మకు మాత్రం చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని "ఆయనే వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా చెప్పాలి" అంది. మందు ఆగేకొద్దీ కష్టమట.

స్టేషన్‌కు వస్తాను. గొడుగు కూడా తీసుకురండి.


మే 20

బావగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన రొట్టె రైల్లో పక్కాయనతో పంచుకున్నాను. ఇంత మెత్తటి రొట్టె ఎక్కడిది అన్నాడు. నాకు తెలియదన్నాను.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క సంగతి మాట్లాడుకోలేకపోయాం. ఆ రోజు గదిలో ఏం జరిగిందని మీరు రెండుసార్లు అడిగారు, నేను రెండుసార్లు టీ అడిగాను. తలుపవతల మీరు నిలబడ్డారు గానీ మీ చెవులకు ఏం వినపడి ఉంటుంది. రాస్తేనే నయం.

చీమ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. బాగా చిక్కింది. నా చేతిలో గొడుగు చూసి "ఆయనదేనా?" అంది.

"ఎవరిదీ కాదమ్మా. నాదే" అన్నాను.

"ఆయన ఎలా ఉండేవాడు తాతా?"

"లేడు."

"తెలుసు, వెళ్ళిపోయాడుగా."

"వెళ్ళలేదు. రానూ లేదు. అసలు పుట్టలేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు."

"ఊరుకోబెట్టాలంటే ఇంకా మంచి అబద్ధం చెప్పేవాణ్ణి. రొట్టె తాతకు ఒక అక్క ఉంది, నాకెవరూ లేరు, నువ్వు రోజూ ఆవిడ కబుర్లే అడుగుతున్నావని రాశాడు. ఉడుక్కుని రాశాను."

"జబ్బుకు కూడా ఉడుక్కుంటావా?"

"నీది ఏదైనా సరే, వాళ్ళకు వెళ్ళిందంటే ఉడుకుతుంది."

అటు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని నేను లేవబోతే డాక్టరమ్మ వంగి చూసి, కూర్చోండి అని చేత్తో సైగ చేసింది. నవ్వుతోందట. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు, రెండూ కలిసి ఉంటాయి.

అప్పుడు నేను డాక్టరమ్మకు గోడ సంగతి, మీ పిండి సంగతి వివరించబోయాను. ఆవిడ మధ్యలోనే ఆపింది. "మీరు వియ్యంకులిద్దరూ కలిసి దుకాణం పెట్టుకోండి. పుట్టుకతో వచ్చింది కొంత, పుట్టాక తగిలింది కొంత, అన్నీ ఒకేసారి కలిస్తే ఇలా జరగొచ్చు, జరగకపోవచ్చు. ఎవరి వైపునుంచి ఎంత అని తూచే తక్కెడ నా దగ్గర లేదు. నా దగ్గర మాత్రలున్నాయి, ఆ అమ్మాయి మింగాలి. మేడమీది గది మార్చాలి, పొగ మానాలి, వేళకు పడుకోవాలి" అంది.

చీమ లేచి కూర్చుని చెయ్యి చాపింది. మాత్ర వేసుకుంది. గ్లాసులో నీళ్ళన్నీ తాగింది. తర్వాత నన్ను గుమ్మం దాకా వెళ్ళి చూసి రమ్మంది, అక్కడి బోర్డు ఇంకా తన గురించి మాట్లాడుతోందేమోనని. వెళ్ళి చూసి వచ్చి, "చెప్పులు బయట వదలండి" అని ఉందని చెప్పాను. "నాకా?" అంది. "నాకు కూడా. నేను విడిచే వచ్చాను" అన్నాను. ఆలోచించింది.

నేను బయల్దేరేటప్పుడు "ఇక్కడే ఉంటాను తాతా, కొన్నాళ్ళు పోయాక వస్తాను" అంది. సరేనన్నాను. రైలు కదిలాక మూడో స్టేషన్ దాకా నా కడుపు మండుతూనే ఉంది. మీరు కింది గది ఖాళీ చేసి, వీధి వైపు కిటికీ ఉన్న మీ సొంత గది దానికిచ్చారు. అది చూశాక మిమ్మల్ని తిట్టుకోవడానికి కూడా నాకేమీ మిగల్లేదు. కళ్ళు మీ అక్కవే కానివ్వండి. ముక్కు మాత్రం తేలాలి.

బయటికి తీసుకెళ్ళడం మొదలుపెడితే రాయండి. పొదుపు చెయ్యకుండా రాయండి.

ఇట్లు, చిన్నాన్న లేనివాడు.


జూన్ 11

బావగారూ,

పొదుపు చెయ్యవద్దన్నారు కాబట్టి రాస్తున్నాను.

మందులు వేసుకుంటోంది. నిద్ర ఎక్కువైంది, కొంచెం ఒళ్ళు చేసింది, దానికి విసుక్కుంటోంది. మాటలు ఇంకా అప్పుడప్పుడు వినపడుతున్నాయట, ముందరంత గట్టిగా కాదట. కాలేజీ సంగతి ఇప్పుడే అడగవద్దన్నారు. మా అక్క కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు మీవి చెప్పమంటోంది. దర్జీలది చెప్పాను. నాకు మీలా చెప్పడం రాదని మధ్యలో మూడుసార్లు సరిదిద్దింది. చెబుతుంటే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చాం. వచ్చేటప్పుడు బస్సు కోసం మార్కెట్ దగ్గర ఆగాం. ఎండగా ఉంది. బస్టాపులో చోటు లేదు. పక్కన గోడ నీడ ఉంటే చీమ అక్కడికి వెళ్ళింది. ఆ గోడ మీద "ఇచ్చట నిలబడరాదు" అని ఉంది. అది చదివింది. నా వైపు చూసింది. తర్వాత గోడకు ఆనుకుని, సంచిలోంచి బన్ను తీసి తినడం మొదలుపెట్టింది.

నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఎవరో వచ్చి టైమెంతని అడిగారు. బస్సు ఆలస్యంగా వచ్చింది.